నవజీవన్ ఎక్కిన పెళ్లి క్యాసెట్

అహ్మదాబాద్ నుంచి చెన్నై వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్ దాటాక జల్గావ్, భుసావల్, బల్లార్షా మీదుగా వరంగల్ చేరుతుంది. సూరత్‌లో స్థిరపడిన తెలంగాణ పద్మశాలీలకు ఈ బండి బాగా ఎరుక. వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల్లో చేతిమగ్గానికి పని తగ్గిపోతే సాంచెల (మరమగ్గాల) మీద బతుకుదామని కొందరు షోలాపూర్, భివండీ వెళ్లారు, కొందరు సూరత్ దారి పట్టారు. సూరత్‌లోని లింబాయత్ వైపు వెళ్తే ఇవాళ్టికీ తెలుగు వినిపిస్తుంది. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా బడులతోపాటు తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది.

పెళ్లి ఊళ్లో, కాపురం సూరత్‌లో. ఇలాంటి ఇంట్లో బీరువా పై అరను దులిపితే గత నలభై ఏళ్ల వీడియో చరిత్ర మొత్తం కింద పడుతుంది. ఓ వీహెచ్ఎస్ క్యాసెట్, రబ్బరు బ్యాండు వేసిన మూడు వీసీడీలు, గీతలు పడ్డ డీవీడీ, ఎవరిదో గుర్తులేని పెన్‌డ్రైవ్. వీటన్నిటినీ ఒక చోట చేర్చి, టీవీలోనూ ఫోన్లోనూ ఆడించే చిన్న కంప్యూటరే ఇంటి మీడియా సర్వర్. దాన్ని కొనబోయేవాళ్లు సాధారణంగా ముందు ప్రాసెసర్ సంగతి అడుగుతారు. ముందు చూడాల్సింది ఆ అరలో ఏముందనేది.

మన దేశంలో కలర్ టీవీ 1982లో ఆసియా క్రీడలతో వచ్చింది. ఆ దశాబ్దంలోనే వీసీఆర్ అద్దె షాపులు పుట్టుకొచ్చాయి. జపాన్ కంపెనీ జేవీసీ 1976లో తెచ్చిన వీహెచ్ఎస్ మన పెళ్లి పందిళ్లలోకి వచ్చేసరికి ఫొటోగ్రాఫర్ పక్కన వీడియో తీసేవాడు చేరాడు. భుజాన కెమెరా, వెనక కళ్లు చెదిరే లైటు పట్టుకున్న కుర్రాడు. తీశాక మిక్సింగ్ ఉండేది: హృదయాకారంలో వధూవరుల ముఖాలు, రాలే పూలరేకులు, వెనక సినిమా పాట. మూడు గంటల ఈ-180 క్యాసెట్ నిండేది. ఊళ్లో తీసిన ఆ క్యాసెట్ సంచిలో పడి రైలెక్కి సూరత్ వచ్చేది.

ఆ బొమ్మ తయారయ్యే పద్ధతి నేతవాళ్లకు చెప్పడం తేలిక. సాదా నేతలో ముందు బేసి పడుగు పోగులు లేస్తాయి, నాడె దూరుతుంది. తర్వాత సరి పోగులు లేస్తాయి, నాడె వెనక్కి వస్తుంది. పాత టీవీ బొమ్మా అంతే. మనం వాడిన పాల్ పద్ధతిలో ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు, సెకనుకు 50 సగం బొమ్మలు కలిసి 25 పూర్తి బొమ్మలు. గాజు ట్యూబు టీవీలో ఈ అతుకు కంటికి ఆనేది కాదు. ఇవాళ్టి ఎల్‌ఈడీ తెర మీద మాత్రం కదిలే చేతుల అంచుల వెంట అడ్డగీతలు లేస్తాయి. ఈ రెండు సగాలను శుభ్రంగా కలపడం, అంటే డీఇంటర్లేసింగ్, సర్వర్ నెత్తిన పడే మొదటి పని. సినిమాలు మాత్రమే దాచుకునేవాళ్లకు దీని బాధ పెద్దగా తెలియదు.

1995లో ఈటీవీ, జెమిని మొదలయ్యాక తెలుగు కార్యక్రమాల కోసం ఊరి వైపు చూడాల్సిన పని లేకపోయింది. పెళ్లి వీడియో మాత్రం ఏ ఛానల్లోనూ రాదు కదా.

దాన్ని ఎక్కువగా పాడుచేసింది వీసీడీ. 1993లో ఫిలిప్స్, సోనీ, జేవీసీ, మత్సుషిటా కలిసి ఖాయం చేసిన ఈ పద్ధతిలో మన పాల్ బొమ్మ కొలత 352×288. అంటే నిలువునా సగం గీతలు పోయాయి. ఒక డిస్కులో సుమారు 74 నిమిషాలు పడుతుంది కాబట్టి మూడు గంటల పెళ్లి మూడు డిస్కులైంది. బొమ్మకు దొరికిన వాటా సెకనుకు 1,150 కిలోబిట్లు. పురోహితుడు కదలకుండా మంత్రం చదువుతున్నంత సేపు ఇది చాలు. తలంబ్రాలు మొదలవగానే తేలిపోతుంది: వందలాది గింజలు ఒక్కో దిక్కుకు ఎగురుతుంటే కుదించే యంత్రానికి ఏది దాచాలో, ఏది వదలాలో తోచదు. తెర అంతా గళ్లు గళ్లుగా విరుగుతుంది. సీడీ వచ్చింది కదా అని క్యాసెట్ పారేసిన ఇళ్లలో ఇప్పుడు ఆ గళ్లే మిగిలాయి. ఏ సర్వరూ వాటిని తిరిగి గింజలు చేయలేదు.

డిస్కుల కాలం వెళ్లిపోవడమూ తొందరగానే జరిగింది. మోసర్ బేర్ సంస్థ 2007లో సినిమా వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మి దేశమంతా సంచలనం రేపింది. 2018లో అదే సంస్థ దివాలా తీసింది. ఫోన్లు వచ్చాక పెళ్లి వీడియోను 3జీపీ అనే ఫోన్ ఫైలుగా మార్చి మెమరీ కార్డులో ఎక్కించే షాపులు వెలిశాయి. ఒక్కోసారి బొమ్మ 176×144కి కుంచించుకుపోయేది. ఈ మధ్యలో 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీటికి తపతి పొంగి సూరత్‌లో అధిక భాగం మునిగింది. వరద నీరు తగిలిన టేపుకు బూజు పడుతుంది. వరద తగలకపోయినా సముద్రం దగ్గరి ఊరి తేమ ఆ పని నిదానంగా చేస్తుంది.

ఇక మిగిలిన వీడియోను చూసే తెరకు తగ్గట్టు మార్చే యంత్రాల కథ. 2000లో ఫ్రెంచ్ ప్రోగ్రామర్ ఫాబ్రీస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఏ వీడియోనైనా మరో రూపంలోకి మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్. నేటి ఇంటి సర్వర్లలో చాలావాటికి లోపలి ఇంజిన్ అదే. 2008లో పుట్టిన ప్లెక్స్, ఇంట్లోని వీడియోను చూసేవాడి తెరకు తగ్గట్టు అప్పటికప్పుడు మార్చి పంపడం అలవాటు చేసింది. అప్పట్లో ఆ బరువంతా ప్రాసెసర్ మోసేది. 1080పీ వీడియో ఒక్కటి మార్చాలంటే ప్రాసెసర్ వేగాన్ని కొలిచే పాస్‌మార్క్ స్కోరు సుమారు 2,000 ఉండాలని ప్లెక్స్ లెక్క చెప్పేది. పెద్ద ప్రాసెసర్ కొనాలన్న మోజు మొదలైంది అక్కడే, ఆ కాలానికి అది న్యాయమే.

2011 జనవరిలో ఆ లెక్క మారింది. ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ చిప్పుల్లో వీడియో మార్పిడికే ప్రత్యేకంగా ఒక భాగం పెట్టి క్విక్ సింక్ అని పేరు పెట్టింది. మరుసటి ఏడాది ఎన్‌విడియా కెప్లర్ గ్రాఫిక్స్ కార్డుల్లో అలాంటిదే ఎన్‌వెంక్ వచ్చింది. మొదటి తరం క్విక్ సింక్ వేగంగా పని చేసేది కానీ తలంబ్రాల దగ్గర తడబడేది. తరం తరానికీ బాగుపడి, 2016–17లో వచ్చిన ఏడో తరం నాటికి 4కె ఫోన్ కెమెరాలు వాడే హెచ్.265ను, అందులో 10 బిట్ల రకాన్ని కూడా అవలీలగా నడిపింది. 2018 డిసెంబరులో ఎంబీ అనే మీడియా సర్వర్ సాఫ్ట్‌వేర్ నుంచి విడివడిన జెల్లీఫిన్ ఈ హార్డ్‌వేర్ మార్పిడిని పైసా తీసుకోకుండా ఇస్తోంది. ప్లెక్స్‌లో దానికి డబ్బు కట్టాలి.

బజార్లో బోల్తా పడేది కూడా ఈ భాగం దగ్గరే. ఇంటెల్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న చిప్పు చవగ్గా వస్తుంది, గ్రాఫిక్స్ ఉండదు, దాంతో క్విక్ సింకూ ఉండదు. 2023లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 5 అనే చిన్న కంప్యూటర్‌లో వీడియో ఎన్‌కోడర్‌నే తీసేశారు. సినాలజీ కంపెనీ స్టోరేజ్ సర్వర్ డీఎస్920ప్లస్‌లో ఇంటెల్ చిప్పుకు ఆ భాగం ఉండేది. దాని తర్వాత వచ్చిన డీఎస్923ప్లస్‌కు గ్రాఫిక్స్ లేని ఏఎండీ చిప్పు వేశారు. కొత్తది కాబట్టి మెరుగనుకుంటే ఇక్కడ కుదరదు.

పాత గేమింగ్ కంప్యూటర్‌ను సర్వర్ చేద్దామనే ఆలోచనకూ కరెంటు బిల్లు అడ్డొస్తుంది. పని లేకుండా 60 వాట్లు తాగే యంత్రం రాత్రింబవళ్లు వెలిగితే నెలకు 43 యూనిట్లు. 10 వాట్లదైతే ఏడు యూనిట్లకు కాస్త పైన. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 చిప్పును ఆరు వాట్లకు రూపొందించారు. దాంతో వచ్చే మినీ పీసీ ఒక పెళ్లి వీడియోను సూరత్ టీవీకి, మరొకదాన్ని ఊళ్లో అమ్మమ్మ ఫోన్‌కు తగ్గించి ఏకకాలంలో పంపగలదు. ఆఫీసులు వదిలించుకునే ఎనిమిదో తరం ఇంటెల్ మినీ పీసీ సెకండ్ హ్యాండ్‌లో దొరికినా అదే పని చేస్తుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. మిగిలిన డబ్బుతో రెండు హార్డ్ డిస్కులు కొని, ఒకటి నవజీవన్‌లో ఊరికి పంపి దాచమనడం మేలు.

తొందరపడాల్సింది సర్వర్ విషయంలో కాదు. వీసీఆర్లు తయారుచేస్తున్న చివరి కంపెనీగా పేరున్న జపాన్ ఫునాయ్, విడిభాగాలు దొరకడం లేదని 2016 జులైలో ఉత్పత్తి ఆపేసింది. ఉన్న పాత యంత్రాల హెడ్లు అరుగుతున్నాయి. క్యాసెట్‌ను డీవీ అనే డిజిటల్ పద్ధతిలో కాపీ చేస్తే గంటకు 13 జీబీ, మొత్తం పెళ్లికి 40 జీబీ లోపు. ఇవాళ్టి హార్డ్ డిస్కుకు అదో లెక్క కాదు. బేసి సరి గీతలు కలపకుండా ఉన్నదున్నట్టు ఎక్కించమని షాపువాడికి చెప్పండి, కలిపే పని తర్వాత సర్వర్ చూసుకుంటుంది. తిరిగే వీసీఆర్ దొరికిన రోజే క్యాసెట్ కాపీ చేయించండి. సర్వర్ వచ్చే ఏడాది కొన్నా నష్టం లేదు.