అరవై నిమిషాల చిట్టీ

ఎనభైల్లో తెలుగు సినిమా పాటల క్యాసెట్ కొంటే చాలావాటిలో రెండు సినిమాలుండేవి. ఏ వైపు ఒకటి, బీ వైపు ఇంకొకటి. కొన్నవాడికి నచ్చినవి ఒక సినిమాలో రెండు పాటలైతే, రెండో వైపున్న సినిమా చూసి కూడా ఉండడు. 'మరో చరిత్ర' (1978)లో ఒకటి, 'ప్రేమాభిషేకం' (1981)లో ఒకటి, 'సాగర సంగమం' (1983)లో ఒకటి, 'అభినందన' (1988)లో రెండు కావాలంటే నాలుగు క్యాసెట్లకు డబ్బు పెట్టాలి. ఆ ఐదు పాటలూ ఒక్కచోట ఉన్న క్యాసెట్‌ను ఏ కంపెనీ అమ్మలేదు. అమ్మింది, అడిగిన పాటలను ఖాళీ క్యాసెట్ మీద ఎక్కించి ఇచ్చే బస్టాండు దగ్గరి రికార్డింగ్ సెంటర్.

హైదరాబాద్‌కు దక్షిణాన యాభై కిలోమీటర్ల దూరంలో, అటు రైలు పట్టాలు, ఇటు జాతీయ రహదారి ఉన్న షాద్‌నగర్ లాంటి పట్టణాలు ఈ వ్యాపారానికి సరిగ్గా సరిపోయాయి. చుట్టుపక్కల పల్లెల వాళ్లు విత్తనాలకో, సినిమాకో, కోర్టు పనికో అక్కడికే వస్తారు. ఖాళీ క్యాసెట్లు తెచ్చుకోవడానికి కోఠిలోని గుజరాతీ గల్లీ ఒక్క బస్సు దూరం. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న ఈ ఊరు ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలోకి మారింది.

నచ్చిన పాటను ఇంకొకరికి వినిపించాలన్న ఆరాటం మాత్రం క్యాసెట్ కంటే పాతది. 1952లో కేంద్ర సమాచార మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటలంటే గిట్టదు. ఆకాశవాణిలో వాటికి చోటు కరువయ్యేసరికి శ్రోతలు రేడియో సిలోన్ వైపు తిరిగారు. అదే ఏడాది డిసెంబరులో అక్కడ అమీన్ సయానీ 'బినాకా గీత్‌మాలా' మొదలైంది. తెలుగువాళ్లకు ఆ సిలోన్ అంటే మీనాక్షి పొన్నుదురై గొంతు. 1957 అక్టోబరు 3న వివిధ భారతి పుట్టాక ప్రభుత్వ రేడియో కూడా దారికొచ్చింది. జనరంజని కార్యక్రమంలో శ్రోతలు కోరిన పాటలు, కోరిన వాళ్ల పేర్లు, ఊళ్ల పేర్లు వరసగా చదివేవారు. పాట కంటే ముందు తన పేరు వినబడాలని కార్డు రాసినవాళ్లే ఎక్కువేమో! జార్ఖండ్‌లోని ఝుమ్రీ తలైయా అనే చిన్న ఊరు దేశమంతా తెలిసింది ఈ కార్డుల పుణ్యమానే.

కానీ రేడియో కార్డుకు ఒక పరిమితి ఉంది. పాట ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చాక మళ్లీ వినలేం, దాని తర్వాత ఏ పాట రావాలో చెప్పే హక్కు లేదు.

ఆ హక్కు టేపుతో వచ్చింది. ఫిలిప్స్ కంపెనీ 1963లో చూపించిన చిన్న క్యాసెట్ మన దగ్గర ఇంటింటి సరుకు కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల్లోకి గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లు రేడియో, టేపు కలిసిన టూ-ఇన్-వన్‌లు మోసుకొచ్చారు. ఎనభైల్లో గుల్షన్ కుమార్ టీ-సిరీస్ చవక క్యాసెట్లతో హెచ్‌ఎంవీ గుత్తాధిపత్యాన్ని దెబ్బతీసింది. ఆ మార్పు మీద పీటర్ మాన్యుయెల్ 1993లో 'క్యాసెట్ కల్చర్' అనే పుస్తకమే రాశాడు. అయితే ఆయన దృష్టి ఉత్తర భారతం మీద, తయారైన క్యాసెట్ల మీద. చిట్టీ రాసి నింపించుకున్న క్యాసెట్ చరిత్ర ఇంకా పుస్తకాల్లో చేరాల్సిన విషయమే.

చిట్టీ అంటే కావాల్సిన పాటల పేర్లు రాసిన, నోటుబుక్కులోంచి చింపిన కాగితం. సీ-60 క్యాసెట్‌లో వైపుకు ముప్పై నిమిషాలు. పాట నాలుగున్నర నిమిషాలనుకుంటే ఒక వైపు ఆరు పడతాయి, ఏడోది అనుమానం. సీ-90 తీసుకుంటే ఇంకో ఆరేడు ఎక్కుతాయి. కానీ ఆ టేపు పలచన, రోలర్‌కు చుట్టుకుపోయే బెడద ఎక్కువ. కాబట్టి పన్నెండు పదమూడు పాటలే దిక్కు. ఇరవై రాసుకొచ్చిన కుర్రాడు షాపు బల్ల మీదే ఏడెనిమిది కొట్టేయాలి. ఈ కొట్టివేతలోనే అసలు పనంతా ఉంది. దసరా సెలవుల్లో చూసిన సినిమా పాట ఉంచాలా, అక్క పెళ్లిలో మైకుసెట్టు వాడు పదేపదే వేసిన పాట ఉంచాలా? ఇస్తున్నది స్నేహితుడికైతే ఒక లెక్క, మనసులో ఉన్న అమ్మాయికైతే ఇంకో లెక్క.

షాపతను కూడా ఊరుకునేవాడు కాదు. "గీ ఏడుపు పాట ఎంబడే గా డాన్సు పాట ఎందుకు తమ్మీ?" అని వరస మార్చేవాడు. తన దగ్గర లేని పాటకు బదులు ఇంకోటి అంటగట్టేవాడు. వైపు చివర మిగిలిన రెండు నిమిషాల్లో సగం పాట ఎక్కించి ఇచ్చేవాడు. ఆ సగం పాట విని విని, తర్వాతెప్పుడో పూర్తి పాట విన్నా అక్కడే ఆగిపోతుందనిపించేది ఆ తరానికి. రేడియో నుంచి పట్టిన పాటలైతే మొదట్లో అనౌన్సరు మాట కూడా టేపులో చేరి, పాటలో భాగమైపోయేది. క్యాసెట్ వెనకున్న ప్లాస్టిక్ పలుకు విరిచేస్తే దాని మీద మళ్లీ రికార్డు చేయడం కుదరదు. కావాలంటే ఆ చిల్లు మీద టేపు ముక్క అంటించాలి. ఇష్టమైన క్యాసెట్‌కు ముందు చేసే పని ఆ పలుకు విరవడమే.

షాద్‌నగర్ ప్రాంతపు చిట్టీ కోస్తా చిట్టీలా ఉండేది కాదు. ఊరి పేరులోని 'షాద్' నిజాం ప్రధాని మహారాజా కిషన్ పర్షాద్ ఉర్దూ కవితలకు పెట్టుకున్న కలం పేరు. అలాంటి నేల మీద ఘంటసాల కింద ముకేశ్, బాలు కింద రఫీ, ఆ కింద ఒక కవ్వాలీ రావడం వింత కాదు. రాసింది మాత్రం అన్నీ తెలుగు లిపిలోనే. గుంపు మేస్త్రీల వెంట బొంబాయికి, ఆనకట్టల పనులకు పోయిన పాలమూరు (మహబూబ్‌నగర్) కూలీల ప్రాంతం ఇది. గద్దర్, గోరటి వెంకన్న పాటలు ఇలాంటి పల్లెలకు చేరడంలో సభలతో పాటు క్యాసెట్‌కూ వాటా ఉంది.

ఒక చిన్న పక్కదారి. 1979లో సోనీ వాక్‌మన్ బయటికొచ్చింది. అదే ఏడాది షాద్‌నగర్ దగ్గర ఉపగ్రహ చిత్రాలు అందుకునే కేంద్రం మొదలైంది. ల్యాండ్‌శాట్ ఉపగ్రహం పంపిన భూమి చిత్రాలను అప్పట్లో అక్కడా అయస్కాంత టేపుల మీదే నింపుకున్నారు. ఆ టేపులు ఏ లెక్కన దాచాలో వాళ్లకు నియమాలున్నాయి. బస్టాండు దగ్గరి టేపులకు లేవు.

చట్టం దృష్టిలో రికార్డింగ్ సెంటర్ పని దొంగతనమే. 1957 కాపీరైట్ చట్టాన్ని 1984లో సవరించి శిక్షను మూడేళ్ల జైలు దాకా పెంచారు. పాట కట్టినవాళ్లకు పైసా రాలేదన్నది నిజం, దాన్ని తేలిగ్గా తీసేయలేం. కానీ కంపెనీల తప్పూ చిన్నది కాదు. జనం అడిగింది ఒకటి, వాళ్లు అమ్మింది ఇంకొకటి. తర్వాత హీరో పేరుతో, గాయకుడి పేరుతో 'హిట్స్' క్యాసెట్లు వేశారు గానీ అవీ ఎవరో ఎంచిన వరసే.

ఎంపీ3 సీడీలు రాగానే పదమూడు కాస్తా నూటయాభై అయ్యాయి. ఆ తర్వాత సెల్‌ఫోన్ షాపులో మెమరీ కార్డు ఇస్తే సినిమాలకు సినిమాలే ఎక్కించి పంపారు. కొట్టివేయాల్సిన అవసరం పోయింది, దాంతో చిట్టీ కూడా పోయింది. ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చే పాటల లింకుల్లో ఎన్ని తెరిచి వింటున్నామో ఎవరికి వాళ్లే చెప్పుకోవాలి. నూటయాభై పాటల సీడీ కంటే పదమూడు పాటల క్యాసెట్‌లోనే ఎంచినవాడి మనసు ఎక్కువ కనిపిస్తుంది.

అటక మీద పాత క్యాసెట్లుంటే పారేసే ముందు పెట్టె తెరవండి. లోపలి అట్ట మీద బాల్‌పెన్నుతో రాసిన పాటల వరసను ఫొటో తీయండి. ఆ పాటలన్నీ ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతాయి, ఆ వరస మాత్రం ఇంకెక్కడా దొరకదు. రాసినవాళ్లు బతికుంటే ఏ పాట ఎందుకు రాశారో అడిగి, పక్కనే తేదీతో సహా రాసి పెట్టుకోండి.