మొలలో కత్తి, సంచిలో చెకుముకి

ఈ సంచికకు చెంచుల పనిముట్ల గురించి రాయమన్నప్పుడు మేము ముందుగా మా హాస్టల్ ఆఫీసు బీరువా తెరిచి చూశాము. సెలవులయ్యాక పెంటల నుంచి వచ్చిన పిల్లల దగ్గర తీసి పెట్టిన చిన్న కత్తులు ఐదున్నాయి. నిబంధన ప్రకారం తీసుకున్నవే. చెంచు ఇంట పుట్టిన మేమే వాటికి తాళం వేశాము.

1940లో అమ్రాబాద్ పీఠభూమిలో మా పెద్దల మధ్య తిరిగి అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్, 1943లో చెంచుల మీద పుస్తకం తెచ్చారు. విల్లంబులు, కత్తి, గొడ్డలి, గడ్డలు తవ్వే కర్ర, కొన్ని కుండలు, బుట్టలు. ఒక కుటుంబం ఆస్తి దాదాపు ఇంతే. టీచర్ ట్రైనింగ్ రోజుల్లో ఈ సంగతి చదివి మేము సిగ్గుపడ్డాము. ఇప్పుడు అలా అనిపించదు. గడ్డలు, ఇప్పపూలు, తేనె ఎక్కడుంటే అక్కడికి కదిలే మనిషికి ఒంటిమీద మోయగలిగిందే ఆస్తి.

మగవాళ్ల మొలతాడు గోచి కోసమే కాదు, కత్తి దోపుకోవడానికి కూడా. తీగ కోయడానికి, వెదురు చీల్చడానికి, వేటమాంసం కోయడానికి అదొక్కటే. భుజాన గొడ్డలి. ఆడవాళ్ల చేతిలో ఇనుపమొన తొడిగిన కర్ర. నీళ్లకు ఎండిన సొరకాయ బుర్ర.

అన్నిటికంటే విలువైనది చెకుముకి. చిన్న సంచిలో రాయి, ఉక్కు ముక్క, బూరుగు దూది. రాతి అంచున దూదిని బొటనవేలితో అదిమిపట్టి ఉక్కుతో కొడితే రవ్వ అంటుకుంటుంది. ఆ దూదిని ఎండుగడ్డిలో పెట్టి నెమ్మదిగా ఊదాలి. చలికి, ఎలుగుబంటికి, తేనెటీగలకు పొగ పెట్టడానికి, గడ్డలు కాల్చుకోవడానికి అన్నిటికీ ఆ రవ్వే. దూది తడిసిందంటే ఆ రాత్రికి అన్నీ ఉండీ లేనట్టే.

అడవివాళ్లు ఎవరి మీదా ఆధారపడలేదని సభల్లో గొప్పగా చెబుతుంటారు. అది నిజం కాదు. ఇనుము మాకు కింది ఊళ్ల కమ్మరి నుంచే వచ్చింది, అడవి సరుకు ఇచ్చి తెచ్చుకున్నారు.

కర్నూలు వైపు 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం నేరమైంది. 1983లో నల్లమల ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. మా నాయన గొడ్డలిని పొదలో దాచి రోడ్డెక్కేవాడు. అడిగితే, "గొడ్డలి కనిపిస్తే మనిషిని చూడరు బిడ్డా" అనేవాడు.

బీరువాలో కత్తుల అడుగున ఒక చెకుముకి సంచి కూడా దొరికింది. ఆరో తరగతి పిల్లవాడిది, వాళ్ల తాత ఇచ్చాడట. రాయి ఉంది, ఉక్కు ఉంది, దూది లేదు. ఏ చెట్టు దూదో వాడికి తెలియదు, తాత ఇప్పుడు లేడు. మా ప్రహరీ పక్కనే బూరుగు చెట్టుంది. ఎండలు ముదిరి కాయలు పగిలాక పిల్లలందరి ముందు వాడిచేతే కొట్టించాలనుకుంటున్నాము. హాస్టల్ ఆవరణలో నిప్పు రాజేయడానికి అనుమతి ఎవరిని అడగాలో మాత్రం ఇంకా తేలలేదు.