గాలికి తలుపు, నీటికి మెట్లు

1977 నవంబరు 19, శనివారం. కృష్ణా ముఖద్వారం దగ్గరి దివిసీమలో గాలి ముదురుతోంది. తీరపు ఇళ్లకు తుఫాను కొత్త కాదు. తాటాకు కప్పు ఎగిరిపోకుండా పైన తాళ్లు వేసి బిగించడం, గొడ్లను పాకలో కట్టెయ్యడం, తలుపు గడియ పెట్టుకుని లోపల కూర్చోవడం తాతల నాటి పద్ధతే. గాలికి అది సరిపోయేది. ఆ రోజు వచ్చింది గాలి ఒక్కటే కాదు.

సముద్రం దాదాపు 20 అడుగుల ఎత్తున లేచి ఊళ్ల మీద పడింది. తుఫాను గాలి నీటిని ఒడ్డుకు నెడుతుంది. ఇక్కడ సముద్రం లోతు తక్కువ, నేల పల్లం. నెట్టుకొచ్చిన నీరు పైకి లేచి ఊళ్లలోకి రాక తప్పదు. అదే ఉప్పెన. మట్టిగోడలు కూలాయి. గడియ పెట్టుకున్న ఇల్లే బోనయింది. తాటిచెట్లు పట్టుకుని కొందరు బతికారు. సర్కారు లెక్కలోనే సుమారు పదివేల మంది పోయారు.

బతికినవాళ్లకు మొదటి కష్టం దాహం. చుట్టూ నీళ్లే, బావిలో మాత్రం ఉప్పు, గొడ్ల కళేబరాలు. అందుకే ఇవాళ్టికీ తుఫాను కబురు రాగానే మూత ఉన్న బిందెల్లో మంచినీళ్లు పట్టుకోవాలి. అటుకులు, బెల్లం, మందులు, టార్చిలైటు ఒక సంచిలో. పట్టాదారు పాసుపుస్తకం, రేషన్ కార్డు ప్లాస్టిక్ కవర్లో. గొడ్ల పలుపులు విప్పెయ్యాలి. కట్టేసిన గొడ్డు ఈదలేదు. గాలి హఠాత్తుగా ఆగితే బయటికి రాకూడదు. అది తుఫాను కన్ను కావచ్చు, కాసేపట్లో ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. అంతా తగ్గాక కూడా తెగిన కరెంటు తీగ, ఇంట్లో దూరిన పాము కాచుకునే ఉంటాయి. బావిని తోడి, బ్లీచింగ్ వేసేదాకా ఆ నీళ్లు తాగకూడదు.

వీటన్నిటికంటే ముందు, వేళకు ఇల్లు వదలాలి. 1977 తర్వాత తీరం పొడవునా తుఫాను షెల్టర్లు లేచాయి. 1990 మేలో కృష్ణా ముఖద్వారం దగ్గరే మరో పెనుతుఫాను తీరం దాటింది. ముందే లక్షల మందిని తరలించడంతో మృతులు వెయ్యి లోపే. అదీ తక్కువేం కాదు. కానీ పదివేలు కాదు.

ఆ షెల్టర్లు చాలావరకు స్తంభాల మీద ఉంటాయి, నీరు కింద నుంచి పోయేలా. కొన్నిట్లో మామూలు రోజుల్లో బడి నడుస్తుంది. పిల్లలు రోజూ ఎక్కే మెట్లే అవి. తుఫాను రాత్రి ఆ పిల్లల ఇంటివాళ్లు చీకట్లో దారి వెతుక్కోనక్కర్లేదు.