జిగణిలో ఇంటి ఇంధన వ్యయం: గ్యాసు, విద్యుత్తు

జిగణి బెంగళూరు నగర జిల్లా ఆనేకల్ తాలూకాలో, బన్నేరుఘట్ట అడవులకు తూర్పున ఉన్న పారిశ్రామిక పట్టణం. గ్రానైట్ రాళ్లను కోసి మెరుగుపెట్టే కర్మాగారాలకు పేరుపడిన ఈ ఊరికి రాయలసీమ నుంచి పనికోసం వచ్చిన కుటుంబాలు అనేకం. ఇక్కడి ఇళ్లలో పొయ్యి వెలగడానికి, నీళ్లు కాగడానికి వాడే ఇంధనాలు ప్రధానంగా సిలిండర్ గ్యాసు, విద్యుత్తు. బెంగళూరులో పైపులు వేసిన ప్రాంతాల్లో వీటికి సహజవాయువు మూడోదిగా తోడైంది.

సిలిండర్‌లోనిది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమమైన ద్రవీకృత పెట్రోలియం వాయువు కాగా, పైపులో వచ్చేది ప్రధానంగా మీథేన్‌తో కూడిన సహజవాయువు. వాడుకలో రెండింటినీ గ్యాసనే పిలుస్తారు గానీ వాటి ధరలు నడిచే తీరు వేరు. మహారాష్ట్రలోని దాభోల్ నుంచి దాదాపు 1,000 కిలోమీటర్ల గొట్టపు మార్గం 2013లో ప్రారంభం కావడంతో బెంగళూరుకు సహజవాయువు చేరింది; నగరంలో ఇంటింటికీ అందించే పని గెయిల్ గ్యాస్ సంస్థది. 2023 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం దేశీయ సహజవాయువు ధరను భారత్ కొనే ముడిచమురు సగటు ధరలో 10 శాతంగా లెక్కగట్టి, దానికి గరిష్ఠ పరిమితి పెట్టింది. సిలిండర్ ధర అంతర్జాతీయ విపణిలోని ప్రొపేన్, బ్యూటేన్ ధరలను అనుసరించి మారుతుంది. కర్ణాటకలో విద్యుత్ రేటును రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ నిర్ణయిస్తే, విద్యుత్ పంపిణీ సంస్థ బెస్కాం దాన్ని వసూలు చేస్తుంది.

మూడు ఇంధనాలను మూడు కొలతల్లో అమ్ముతారు కనుక ముందు వాటన్నిటినీ ఒకే కొలతకు తేవాలి. కిలో సిలిండర్ గ్యాసులో సుమారు 12.8 కిలోవాట్‌గంటల వేడి ఉంటుంది, అంటే కరెంటు మీటరు భాషలో 12.8 యూనిట్లు, ఆ లెక్కన 14.2 కిలోల సిలిండర్‌లో దాదాపు 182 యూనిట్లున్నట్టు. సహజవాయువు ఒక ఘనపు మీటరుకు సుమారు 10 యూనిట్లు గనుక 18 ఘనపు మీటర్లు ఒక సిలిండర్‌తో సమానం. అయితే కొన్న వేడంతా గిన్నెకు చేరదు. భారతీయ ప్రమాణాల ప్రకారం సిలిండర్ పొయ్యి వేడిలో కనీసం 68 శాతాన్ని గిన్నెకు అందించాలి. గిన్నె అంచుల పక్కనుంచి మంట పైకెగసే పొయ్యి మీద, గాలి వీచే వరండాలో అంత రాదు. గిన్నె అడుగునే వేడెక్కించే ఇండక్షన్ పొయ్యిలో సుమారు 85 శాతం పనికొస్తుంది.

2025 ఏప్రిల్ 8న 50 రూపాయలు పెరిగి బెంగళూరులో సిలిండర్ 855.50 రూపాయలైంది. అదే నెలలో గృహ విద్యుత్ రేటు యూనిట్‌కు 5.90 నుంచి 5.80 రూపాయలకు తగ్గినా, స్థిర రుసుము కిలోవాట్‌కు 120 నుంచి 145 రూపాయలకు పెరిగింది. విద్యుత్ సంస్థల ఉద్యోగుల పింఛను నిధికి యూనిట్‌కు 36 పైసలు, 9 శాతం పన్ను కూడా కలుపుకుంటే స్థిర రుసుము గాక యూనిట్ సుమారు 6.70 రూపాయలకు పడింది. ఆ ధరల లెక్కలో ఒక సిలిండర్ చేసే పనికి ఇండక్షన్ పొయ్యికి సుమారు 145 యూనిట్లు, అంటే 970 రూపాయలు కావాలి. పైపు గ్యాసు ఘనపు మీటరు 50 రూపాయలనుకుంటే అంతే వేడికి 900 అవుతుంది. ఈ పోలికలో పొయ్యి కూడా ఒక లెక్కే: సహజవాయువు తక్కువ ఒత్తిడితో వస్తుంది కాబట్టి పాత సిలిండర్ పొయ్యి జెట్ రంధ్రాన్ని పెద్దది చేసి వాడతారు, అలా మార్చిన పొయ్యి సామర్థ్యం 40 శాతం దగ్గరే ఆగిపోగలదు. సహజవాయువు కోసమే రూపొందిన పొయ్యికి 55 శాతం దాకా వస్తుంది.

ఇంత దగ్గరగా ఉన్న ధరల్ని తారుమారు చేసేది ఉచిత విద్యుత్తునిచ్చే గృహజ్యోతి పథకం. 2023లో మొదలైన ఈ పథకం కింద కర్ణాటకలో ఒక ఇంటికి 2022–23లోని నెలసరి సగటు వాడకం, దానిపై మరో 10 శాతం ఉచితం; గరిష్ఠం 200 యూనిట్లు. నెలలో 200 దాటితే దాటినంతకే కాదు, మొత్తానికీ బిల్లు వస్తుంది. 198 యూనిట్ల అర్హత ఉండి ఆ లోపే వాడే ఇంటికి బిల్లు సున్నా. వేసవిలో అదే ఇల్లు 205 వాడితే రెండు కిలోవాట్ల కనెక్షన్‌కు 2025 రేట్లలో బిల్లు 1,600 రూపాయలు దాటుతుంది. సుమారు 20 లీటర్ల బకెట్ నీటిని 20 డిగ్రీలు వేడెక్కించడానికే దాదాపు అర యూనిట్ అవుతుంది కాబట్టి రోజుకొక బకెట్ కాచే గీజరు నెలకు 15 యూనిట్లు తింటుంది. ఆ 7 యూనిట్ల మించుబాటుకు అది చాలు.

ఇండక్షన్ కొంటే వంట ఉచితమవుతుందన్న ఆశ కూడా ఈ నియమం దగ్గరే ఆగిపోతుంది. ఉచిత పరిమితి పాత వాడకం మీద నిర్ణయమైంది గనుక కొత్తగా చేర్చిన పొయ్యికి వాటా లేదు. సగటున 60 యూనిట్లు వాడే ఇంటికి 66 ఉచితం. నెలన్నరకొక సిలిండర్ ఖర్చయ్యే ఆ ఇంట్లో వంట ఇండక్షన్ మీదకు మారితే సుమారు 97 యూనిట్లు కలిసి, డబ్బు కట్టాల్సినవి 91 యూనిట్లకు, అంటే 2025 రేట్లలో 610 రూపాయలకు చేరతాయి. అదే 2025 ఏప్రిల్ ధరకు సిలిండరైతే నెలకు 570 రూపాయలే. పాత లెక్క లేని కొత్త ఇళ్లకు రాష్ట్ర సగటైన 53 యూనిట్లను ఆధారం చేశారు.

ఈ విషయంలో ఎక్కువ నష్టపోయేది అద్దెదారులే. పథకం మీటరుకు, అంటే బెస్కాం ఇచ్చే ఆర్‌ఆర్ నంబరుకు ముడిపడి ఉంటుంది. సొంత మీటరున్న అద్దెదారు నమోదు చేసుకోవచ్చు. వఠారంలో అయిదు గదులకు ఒకే మీటరైతే అందరి వాడకం కలిసి 200 దాటుతుంది, ఉచితం ఎవరికీ రాదు, యజమాని చెప్పిన రేటే గది రేటవుతుంది. పైపు గ్యాసుకు కూడా యజమాని అనుమతి, గోడకు రంధ్రం, తిరిగివచ్చే డిపాజిట్ కావాలి. నెల చివర ఒకేసారి సిలిండర్‌కు డబ్బు పెట్టలేని కూలీకి, వాడిన తర్వాతే బిల్లు వచ్చే పైపు గ్యాసు నిజానికి ఎక్కువ మేలు చేసే ఏర్పాటు, కానీ అది సులువుగా అందేది సొంతింటివారికే. చిరునామా పత్రం లేనివారు 5 కిలోల చిన్న సిలిండర్ కొంటే రాయితీ లేని ఆ గ్యాసు కిలో ధర ఎక్కువ.

స్వస్థలంలో రేషన్ కార్డున్న తెలుగు కుటుంబానికి పోలిక మరింత చిక్కుపడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 చివరి నుంచి దీపం-2 పథకం ఏడాదికి మూడు సిలిండర్లను ఉచితంగా ఇస్తోంది. తెలంగాణలో అదే ఏడాది 500 రూపాయల సిలిండర్, 200 యూనిట్ల ఉచిత విద్యుత్తు వచ్చాయి. ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు గ్యాసు చవక, జిగణిలో ఉన్న పిల్లలకు, మీటరు తమదై ఉచిత పరిమితి దాటకపోతే, కరెంటు చవక. ఒకే కుటుంబంలో రెండు వంటిళ్లు రెండు రాష్ట్రాల లెక్కల్లో నడుస్తాయి.