మౌఖిక చరిత్ర (దక్షిణ తెలంగాణ)

కాలాన్ని కళ్లారా చూసిన మనుషుల దగ్గర కూర్చుని, అడిగి, విని, వాళ్ల మాటను చరిత్రకు ఆధారంగా దాచిపెట్టడమే మౌఖిక చరిత్ర. దీన్ని ఒక పద్ధతిగా నిలబెట్టే పని 1948లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో అలన్ నెవిన్స్ మొదలుపెట్టాడు. ఆయన ముందుగా అడిగింది పేరుపడ్డ పెద్దమనుషులనే. కూలీలను, ఆడవాళ్లను, అడవి బిడ్డలను అడగాలన్న పట్టుదల ఆ తర్వాత పెరిగింది. పాత మహబూబ్‌నగర్ (పాలమూరు), నల్లగొండ జిల్లాల్లో మాత్రం టేపురికార్డరు రాకముందే ఈ పని చేసే గొంతులున్నాయి.

అచ్చంపేట ప్రాంతంలో ఆ గొంతుకు తోడు కిన్నెర. డక్కలి కళాకారులు మెట్ల కిన్నెర వాయిస్తూ వంశాల కథలు, వీరుల కథలు ఊరూరా వినిపించేవాళ్లు. నైజాం కాలంలో ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టాడని పాలమూరు జనం చెప్పుకునే పండుగ సాయన్న, అలాగే మియాసాబ్ వంటివాళ్లు ఇవాళ్టికీ గుర్తున్నారంటే ఆ పాటల పుణ్యమే. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరతో ఈ పరంపరను మోసుకొచ్చాడు. 2022లో పద్మశ్రీ అందుకున్నాడు. అంతకు ముందు ఏడాది ఒక సినిమా పాటకు గొంతు కలిపాక గానీ పట్నం జనానికి ఆయన పేరు తెలియలేదు. అయితే పాటలో చోటు దొరికేది వీరుడికే. అతనికి గంజి పోసిన అవ్వ కథ పాటగాడు కట్టడు.

మామూలు మనుషుల బతుకును దగ్గరుండి చూసి రాసిన తొలి ప్రయత్నాల్లో ముఖ్యమైనది నల్లమలలో జరిగింది. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్-హైమండార్ఫ్ 1939లో హైదరాబాదుకు వచ్చాడు. రెండో ప్రపంచయుద్ధం మొదలైంది. చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు కావడంతో ఇంగ్లీషువాళ్ల దృష్టిలో శత్రుదేశస్థుడయ్యాడు. అయినా నిజాం రాజ్యంలో ఉండనిచ్చారు. 1940లో భార్య బెట్టీతో కలిసి అమ్రాబాద్ పీఠభూమి మీది చెంచు పెంటల్లో (గూడేల్లో) ఉండి పనిచేశాడు. దుంపలు తవ్వడం, తేనె తీయడం, పెళ్లి సంబంధాలు, గారెల మైసమ్మ కొలుపు, అన్నీ రాసుకున్నాడు. 1943లో అచ్చయిన ఆయన పుస్తకం ఇప్పటికీ చెంచుల గురించి చదవాలనుకునేవాళ్లకు మొదటి మెట్టు. ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు లండన్ విశ్వవిద్యాలయంలోని సోవాస్ సంస్థలో ఉన్నాయి. గొప్ప పనే, కానీ అందులో చెంచు పెద్దల మాట ఇంగ్లీషులో, ఆయన కలం గుండా మనకు చేరుతుంది. ఏ పెంటలో కథ చెప్పారో ఆ పెంట పిల్లలు దాన్ని చదువుకోవడానికి లేదు.

ఇదే నేల మీద పుట్టి ఇక్కడి భాషలోనే సేకరించినవాడు కపిలవాయి లింగమూర్తి (1928–2018). బల్మూరు మండలం జినుకుంటలో పుట్టి, నాగర్‌కర్నూలులో స్థిరపడి, పాలమూరు గుళ్ల చరిత్రలూ స్థల పురాణాలూ పోగేశాడు. ఆయన చూపు మనుషుల జీవిత కథల కంటే ఊళ్ల మీదే ఎక్కువ.

మనిషి కథను మనిషి మాటలోనే నిలబెట్టిన పుస్తకం 1986లో వచ్చింది. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన సభ్యులు తెలంగాణ సాయుధ పోరాటంలో (1946–51) పాల్గొన్న స్త్రీలను వెతుక్కుంటూ వెళ్లి, వాళ్ల మాటలు రికార్డు చేసి ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చారు. ఈ పనిచేసినవాళ్లలో కె. లలిత, వసంత కన్నబిరాన్, రమా మేల్కోటే, సూసీ తారు, వీణా శత్రుఘ్న ఉన్నారు. 1989లో ఇంగ్లీషు కూర్పు వెలువడింది. అప్పటికే పోరాటం మీద పుచ్చలపల్లి సుందరయ్య పుస్తకం వంటి నాయకుల రచనలు ఉన్నాయి. వాటిలో దళాలు, దాడులు, తీర్మానాలు కనిపిస్తాయి. ఈ ఆడవాళ్లు చెప్పిందాంట్లో వాటితోపాటు అడవిలో కాన్పులు, ఇతరులకు అప్పగించి రావాల్సిన పసిబిడ్డ, 1951 అక్టోబరులో పోరాటం విరమించాక ‘ఇక ఇంటికి పోండి’ అంటే ఏ ఇంటికి పోవాలో తెలియని బతుకులు ఉన్నాయి. తుపాకి పట్టిన చేతికి మళ్లీ గరిటె ఇచ్చారన్న కోపాన్ని కొందరు దాచుకోలేదు. పార్టీ మీద ప్రేమా, ఆ కోపమూ ఒకే నోట రావడమే ఈ పుస్తకం బలం. దక్షిణ తెలంగాణ మౌఖిక చరిత్రకు అసలు మలుపు ఇదే.

దీని తర్వాత దారి వెడల్పయింది. దళిత నాయకురాలు, మంత్రిగా పనిచేసిన టి.ఎన్. సదాలక్ష్మి జీవితాన్ని ఆమె నోటనే విని గోగు శ్యామల రాసిన ‘నేనే బలాన్ని’ 2011లో వచ్చింది. నల్లగొండ జిల్లా కర్విరాల కొత్తగూడెంలో పుట్టిన మల్లు స్వరాజ్యం చెప్పిన కథ ‘నా మాటే తుపాకీ తూటా’గా 2019లో అచ్చయింది. ఆమె 2022 మార్చి 19న కన్నుమూశారు. మూడేళ్లు ఆలస్యమై ఉంటే ఆ పుస్తకం లేదు.

ముసలివాళ్ల జ్ఞాపకానికి తేదీలు పట్టవని చరిత్రకారుల ఫిర్యాదు. నిజమే. పాలమూరు అవ్వను పుట్టిన ఏడు అడిగితే ‘గత్తరొచ్చిన ఏడు’ అంటుంది, పెళ్లి ఎప్పుడంటే ‘రజాకార్ల లొల్లిల’ అంటుంది. అడిగేవాడికి 1948 సెప్టెంబరు పోలీసు చర్య, ఆ చుట్టుపక్కల కరువులు, రోగాలు తెలిసి ఉంటే ఆ మాటల నుంచే ఏడాది లెక్క తేలుతుంది. మాండలికాన్ని దిద్ది పుస్తకాల భాషలోకి మార్చడం అంతకంటే పెద్ద తప్పు. చెప్పిన మనిషి అందులోంచి మాయమైపోతుంది.

నల్లమలలో ఈ పనికి తొందర ఎక్కువ. 1978లో అభయారణ్యం, 1983లో ప్రాజెక్టు టైగర్, రాష్ట్ర విభజన తర్వాత అమ్రాబాద్ పులుల అభయారణ్యం వచ్చాయి. వీటన్నిటి మధ్య పెంటలు కదలక తప్పని పరిస్థితి పదేపదే ఎదురైంది. 2019లో యురేనియం అన్వేషణ మీద జనం లేచినప్పుడు, ఆ సెప్టెంబరులో శాసనసభ తీర్మానం చేసే దాకా సాగిన వాదనలో, ఏ గుట్ట ఎవరి దేవుడిదో, ఏ వాగు ఎండాకాలం పారుతుందో చెప్పగలిగింది చెంచు పెద్దలే.

వలస వెళ్లినవాళ్ల సంగతి వేరే చెప్పాలి. కోస్తా నుంచి రంగం (బర్మాలోని రంగూన్) పోయి, 1942లో జపాన్ దాడి వేళ కాలినడకన తిరిగొచ్చిన తరం దాదాపు గతించిపోయింది. అదే గతి పాలమూరు లేబరుకు పట్టకూడదు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని దేశమంతా తిరిగి ఆనకట్టలు, కాలువలు కట్టిన వాళ్లలో పెద్దవాళ్లు ఇంకా అచ్చంపేట, కొల్లాపూర్ ఊళ్లలో ఉన్నారు. ఇక్కడి కాలేజీల చరిత్ర విద్యార్థులు ఫోను రికార్డరు ఆన్ చేసి, వాళ్ల ఒప్పుకోలు తీసుకుని, ఏ డ్యాం, ఏ మేస్త్రీ, ఎంత కూలి అని అడగడంతో ఈ పని మొదలుపెట్టాలి.