ముందస్తు బస లేని విదేశయాత్ర

హోటల్ గది ముందుగా బుక్ చేసుకోకుండా పరాయి దేశానికి బయలుదేరి, ఏ ఊరు చేరితే ఆ ఊళ్లో ఆ పూటకు బస చూసుకుంటూ సాగే ప్రయాణ పద్ధతి ఇది. ఎక్కడ ఎన్నాళ్లు ఆగాలో, తర్వాత ఎటు పోవాలో దారిలోనే తేల్చుకుంటారు. ఇవాళ దీన్ని సాహసంగా చూస్తున్నాం గానీ, తంతి, టెలిఫోను రాకముందు దూరప్రయాణాలు దాదాపు అన్నీ ఇలాగే సాగాయి. రేపు చేరబోయే ఊళ్లో గదిని ఇవాళే ఖాయం చేసుకునే వీలు సామాన్యుడికి లేదు. ముక్కూమొహం తెలియని బాటసారికి తలుపు తీసే ఏర్పాట్లు దారి పొడవునా ఉండబట్టే ఈ పద్ధతి శతాబ్దాలపాటు నిలిచింది.

మజిలీలు

పశ్చిమాసియా వర్తక మార్గాల్లో ఒంటెల బిడారు ఒక పగలు నడవగలిగే దూరానికి, అంటే సుమారు 30–40 కిలోమీటర్లకు, ఒక సరాయి కట్టేవారు. తుర్కియేలోని అక్సరాయ్ దగ్గర సెల్జుక్ సుల్తాన్ అలావుద్దీన్ కైకుబాద్ 1229లో కట్టించిన సుల్తాన్ హాన్ అనే సరాయి ఇప్పటికీ నిలిచి ఉంది. నగిషీలు చెక్కిన ఎత్తైన రాతి ద్వారం, లోపల విశాలమైన ముంగిలి, దాని నడుమ చిన్న మసీదు, పక్కల గదులు, వెనక పైకప్పు ఉన్న పెద్ద శాల. రాత్రికి ద్వారం మూసేస్తే మనిషికీ సరుకుకీ భయం ఉండేది కాదు. ధర్మనిధులతో నడిచే ఇలాంటి చోట్ల మూడు రోజుల బస ఉచితంగా ఇచ్చే ఆచారం ఉండేది. ఇరాన్‌లోని 54 సరాయిలను 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

తెలుగులో ఇలాంటి ప్రయాణానికి గొప్ప సాక్ష్యం ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’. చెన్నపట్నం సుప్రీంకోర్టు ఉద్యోగి అయిన ఆయన 1830 మేలో పెద్ద పరివారంతో, డేరాలతో బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. కాశీ విదేశం కాకపోయినా కుంఫిణీ సీమ, నిజాం రాజ్యం, నాగపూరు రాజ్యం దాటి వెళ్లిన యాత్ర అది. దిగడానికి వసతి ఉందా, నీళ్లెలా ఉన్నాయి, దినుసులు దొరుకుతాయా అని మజిలీ మజిలీకీ రాసిపెట్టిన ఆ పుస్తకాన్ని మన భాషలో తొలి ప్రయాణ మార్గదర్శిగా లెక్కించాలి.

ఈ పాత పద్ధతి చెక్కుచెదరకుండా మిగిలిన చోటు స్పెయిన్‌లోని సాంటియాగో క్రైస్తవ యాత్రామార్గం. గలీసియా ప్రాంత ప్రభుత్వం 1993 పవిత్ర సంవత్సరానికి నెలకొల్పిన బసల్లో ముందస్తు రిజర్వేషన్ ఉండదు. ముందొచ్చిన వారికి ముందు మంచం, అదీ ఒక్క రాత్రికే. మధ్యాహ్నం తలుపు తీసేలోగా వచ్చినవాళ్లు వీపుసంచులు వరసలో పెట్టి, బూట్లు విప్పి అరుగు మీద కూర్చుంటారు. లోపల యాత్రికుడి పాసుపుస్తకం మీద ముద్ర వేసి మంచం చూపిస్తారు. డబ్బున్నవాడికీ లేనివాడికీ ఒకే వరస కావడం ఈ ఏర్పాటులోని గొప్పదనం.

హాస్టళ్లు, రైళ్లు, బస్సులు

1909 ఆగస్టులో జర్మనీ ఉపాధ్యాయుడు రిచర్డ్ షిర్మన్, ఆయన విద్యార్థులు కాలినడకన వెళ్తూ గాలివానలో చిక్కుకుని ఒక బడిలో తలదాచుకున్నారు. సెలవుల్లో ఖాళీగా ఉండే బడులు నడిచి తిరిగే పిల్లలకు బసలు ఎందుకు కాకూడదన్న ఆలోచన ఆ రాత్రి పుట్టింది. 1912లో ఆల్టెనా కోటలో తొలి శాశ్వత యూత్ హాస్టల్ తెరుచుకుంది. 1932కి అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. 1959లో యూరైల్ పాసు, 1972లో యూరప్ యువతకు ఇంటర్‌రైల్ పాసు వచ్చాక ఏ రైలు కనిపిస్తే ఆ రైలెక్కే తరం తయారైంది. గది దొరకని రోజున రాత్రి రైలే పడక.

ఇస్తాంబుల్ నుంచి టెహ్రాన్, కాబూల్, లాహోర్, ఢిల్లీ మీదుగా కాఠ్మాండూ దాకా సాగిన ‘హిప్పీ దారి’ 1960, 70 దశకాల్లో ఈ పద్ధతికి పరాకాష్ఠ. ఇస్తాంబుల్‌లో ‘పుడ్డింగ్ షాప్’గా పేరుపడ్డ భోజనశాల గోడమీది బోర్డే వాళ్లకు సమాచార కేంద్రం. ఏ వ్యాను ఎటు పోతోంది, అందులో చోటుందా, తోడెవరు కావాలి అన్నవన్నీ అక్కడ చీటీల మీద ఉండేవి. 1972లో ఆ దారిన వచ్చిన టోనీ, మౌరీన్ వీలర్ దంపతులు మరుసటి ఏడు వెలువరించిన చిన్న పుస్తకంతోనే లోన్లీ ప్లానెట్ సంస్థ మొదలైంది. 1979లో ఇరాన్ విప్లవం, అఫ్ఘానిస్తాన్‌లోకి సోవియట్ సేనల రాక ఆ దారిని మూసేశాయి. 1980ల నుంచి బ్యాంకాక్‌లో ఒకప్పటి బియ్యం బజారు ఖావోసాన్ రోడ్డు గెస్ట్‌హౌస్‌లతో నిండిపోయి, ఆగ్నేయాసియా తిరిగేవాళ్లకు కొత్త మజిలీ అయింది.

ఇంటర్నెట్, వీసా

1996లో నెదర్లాండ్స్‌లో మొదలైన బుకింగ్ డాట్ కామ్ వంటి సంస్థలతో గది ముందే ఖాయం చేసుకోవడం చిటికెలో పని అయింది. అలాగని పాత పద్ధతి పోలేదు, రూపు మారింది. చాలామంది ఇప్పుడు బస్సులో కూర్చుని, దిగబోయే ఊళ్లో ఆ రాత్రికి ఫోన్‌లోనే గది వెతుక్కుంటున్నారు.

నిజమైన అడ్డంకి వీసా. యూరప్ దేశాలకు వర్తించే 2009 నాటి షెంగెన్ వీసా నిబంధనావళి ప్రకారం దరఖాస్తుదారు బస వివరాలకు ఆధారమైనా, బస ఖర్చుకు సరిపడా డబ్బున్నట్టు రుజువైనా చూపాలి. ఆచరణలో హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో దరఖాస్తు చేసేవారు ప్రతి రాత్రికీ హోటల్ కాగితం జతచేస్తారు. అందుకే రద్దు చేసుకునే వీలున్న గదులు బుక్ చేసి, వీసా వచ్చాక ప్రయాణాన్ని మార్చుకునే అలవాటు పెరిగింది. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాడు అదే యూరప్‌లో వీసా దరఖాస్తు లేకుండానే దిగగలడు. ఈ పద్ధతిలోని స్వేచ్ఛ అందరికీ సమానంగా అందడం లేదన్నది దీని వర్తమాన చరిత్రలో ముఖ్యమైన విషయం. వీసా అక్కర్లేని చోట కూడా దిగేటప్పుడు నింపే పత్రం చాలాసార్లు బస చిరునామా అడుగుతుంది కాబట్టి, అనుభవజ్ఞులు మొదటి రాత్రి మటుకు గది తీసుకుని మిగతాది వదిలేస్తారు.

వీసా అడ్డంకికి నేపాల్ భారతీయుల వరకు మినహాయింపు. అక్కడి అన్నపూర్ణ, లాంగ్‌టాంగ్ ట్రెక్కింగ్ దారుల్లోని టీహౌస్‌లనే చిన్న బసల్లో పడుకున్నచోటే రాత్రి భోజనం చేయాలన్నది షరతు. ఆ షరతు మీదే గది అద్దె నామమాత్రంగా ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో రద్దీ ఎక్కువైతే గైడ్లు ముందుగా ఫోన్ చేసి గదులు పట్టిపెడతారు. ఆలస్యంగా చేరినవారికి భోజనశాల బల్లలే పడకలు. 2023 ఏప్రిల్ నుంచి చాలా మార్గాల్లో విదేశీ ట్రెక్కర్లు లైసెన్సున్న గైడును వెంట తీసుకెళ్లాలని నేపాల్ నిబంధన పెట్టింది.