అర్దితవాతము - స్పర్శచికిత్సా చరిత్ర

ముఖమున ఒకవైపు కండరములు పట్టుదప్పి, మూతి వంకరపోయి, కన్ను మూతపడకుండుటను ఆయుర్వేదము అర్దితమనినది. యునానీ వైద్యులు దీనినే లక్వా యందురు. నేడు ఆక్యుప్రెషర్ పేర వ్యాపించిన నొక్కుడు చికిత్స ఈ వ్యాధికి ఎంతవరకు ఉపకరించునో నిర్ణయించుటకు పూర్వచరిత్రను పరిశీలించుట అవసరము.

చరకసంహిత చికిత్సాస్థానము 28వ అధ్యాయమున అర్దితమునకు నస్యము, శిరస్సున తైలము, నాడీస్వేదము విధింపబడినవి. సుశ్రుతుడు బిగ్గరగా మాటలాడుట, గట్టి పదార్థములు నములుట, బరువులు మోయుట మున్నగువానిని కారణములుగా చెప్పి, మూడేండ్లు గడచిన అర్దితము సాధ్యము కాదనెను. శరీరమున 107 మర్మములను లెక్కించినవాడును ఆయనయే. అయితే మర్మములు ప్రధానముగా గాయము తగులరాని స్థానములు. వానిని నేటి నొక్కుడు బిందువులతో ఒకటిగా భావించుట సరికాదు. ఆ బిందువుల మూలము చీనా దేశమున గలదు. క్రీ. శ. 3వ శతాబ్దమున హువాంగ్‌ఫు మి రచించిన సూచీచికిత్సా గ్రంథము వాని స్థానములను క్రమపరచినది. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమనున్న హెగు బిందువు ముఖరోగములకు ప్రసిద్ధము.

తెలుగువారికిని ఈ వైద్యచరిత్రతో సంబంధము కలదు. కొట్టూరు బసవరాజు సంస్కృతముతో తెలుగును జోడించి రచించిన బసవరాజీయము ఆంధ్రవైద్యులకు చిరకాలము ప్రమాణమైనది. తంజావూరున రెండవ శరభోజి (1798-1832) ధన్వంతరి మహలును పోషించెను. అచ్చటి సరస్వతీ మహలున తెలుగు తాళపత్రములు నేటికిని భద్రముగా నున్నవి.

1821లో చార్లెస్ బెల్ ముఖనాడుల కార్యమును వివరించిన పిదప వ్యాధిస్వరూపము స్పష్టపడినది. చెవివెనుక ఎముకలోని ఇరుకు మార్గమున వచ్చు ఏడవ కపాలనాడి వాచి, ఒత్తిడికి లోనగుటయే ముఖ్యకారణమని నేటి అభిప్రాయము. డెన్మార్కున 25 ఏండ్లు సాగి 2002లో వెలువడిన పరిశీలనలో, చికిత్స లేకయే నూటికి 71 మంది పూర్తిగా కోలుకొనిరి. కావున నొక్కిన పిమ్మట నయమైనంత మాత్రమున నొక్కుటవలననే నయమైనదని చెప్పరాదు. 2007లో ప్రకటితమైన స్కాట్లండు పరిశోధనలో 72 గంటలలోపల ప్రెడ్నిసొలోన్ ప్రారంభించినవారిలో తొమ్మిది నెలలకు నూటికి 94.4 మందియు, అది పుచ్చుకొననివారిలో 81.6 మందియు కోలుకొనిరి.

దీనినిబట్టి తేలునది యిది: మృదువైన మర్దనము, అద్దము ముందర చేయు ముఖవ్యాయామము పునరుద్ధరణమున తోడ్పడవచ్చును, ప్రథమచికిత్స కాజాలవు. మూతపడని కంటికి రక్షణ అత్యవసరము. నుదుట ముడుతలు యథాప్రకారము పడుచు, ముఖము క్రిందిభాగము మాత్రమే వంకరపోయినచో, లేక చేయి చచ్చుపడి మాట తడబడినచో, అది మెదడులోని రక్తప్రసార లోపము కావచ్చును. అట్టి రోగిని క్షణమైన ఆలసింపక ఆస్పత్రికి చేర్పవలయును. కాలము మించిన అర్దితము కష్టసాధ్యమన్న ప్రాచీనుల హెచ్చరికకు నేటి విజ్ఞానము గంటల లెక్కను చేర్చినది.